డ్యూటీలో ఒంట్లో బాగోలేకపోతే మేనేజర్‌కు ఎలా చెప్పాలి?

పొద్దున బాగానే డ్యూటీకి వెళ్లిన మనిషికి మధ్యాహ్నానికల్లా జ్వరమో, కడుపునొప్పో మొదలవుతుంది. జీతం కోస్తారేమోనన్న భయంతో కొందరు ఓర్చుకుంటారు. ఇంకొందరు పక్కవాళ్లకు ఓ మాట చెప్పి ఇంటికి వచ్చేస్తారు. అలా వచ్చేస్తే అనారోగ్య సెలవు కాస్తా గైర్హాజరుగా నమోదు కావచ్చు.

ఏం చెప్పాలి?

ముందు నేరుగా మేనేజర్‌కు లేదా సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఆ వెంటనే అదే మాట వాట్సాప్‌లో పంపాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు, మెసేజ్‌కు టైము, తేదీ ఉంటాయి. నాలుగు ముక్కలు చాలు: "సార్, పదకొండు గంటల నుంచి జ్వరంగా ఉంది, నిలబడలేకపోతున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. కౌంటర్ లెక్క అప్పగించాను. రేపు వచ్చేదీ లేనిదీ సాయంత్రంలోగా చెబుతాను."

జబ్బు వివరాలన్నీ చెప్పాల్సిన పని లేదు. ముఖ్యంగా మహిళలు "ఆరోగ్యం బాగోలేదు, డాక్టర్‌కు చూపించుకోవాలి" అంటే సరిపోతుంది. లేని జబ్బు మాత్రం చెప్పకూడదు. రేపు నిజంగా అవసరం పడినప్పుడు ఎవరూ నమ్మరు.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే పర్మిషన్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించాలి. మేనేజర్‌కు ఇంటివాళ్లు తర్వాత చెప్పొచ్చు. పని చేస్తుండగా దెబ్బ తగిలితే ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించడం మరవొద్దు.

చట్టం ఏమంటోంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో షాపులు, ప్రైవేటు ఆఫీసులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో అనారోగ్య సెలవు ఉంటుంది.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, ఈఎస్ఐ కోత పడుతున్నవారికి మరో ఆసరా ఉంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, ఏడాదిలో 91 రోజుల వరకు రోజు వేతనంలో 70 శాతం వస్తుంది. దీనికి ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. అందుకే మొదటి రోజే డిస్పెన్సరీకి వెళ్లడం మంచిది.

గల్ఫ్‌లో ఉన్నవారికి

సౌదీలో ఏడాదికి 30 రోజులు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులు ముప్పావు జీతం, ఆపై 30 రోజులు జీతం లేని సెలవు ఉంటుంది. యూఏఈలో ప్రొబేషన్ పూర్తయ్యాక 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం జీతం, 45 రోజులు జీతం లేకుండా సెలవు ఇస్తారు. అక్కడ జబ్బు సంగతి మూడు పనిదినాల్లోగా యజమానికి తెలపాలి. రెండు చోట్లా మెడికల్ రిపోర్టు తప్పనిసరి.

మందుల చీటీ, సర్టిఫికెట్, పంపిన మెసేజ్... మూడింటినీ ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉంచాలి. జీతం కోసినా, సెలవు లేదన్నా చూపించడానికి అవే ఆధారం.