కుళాయి నీరు: ఒక నమ్మకం చరిత్ర

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలలో మొదటి వారంలోనే తలెత్తే ప్రశ్న ఒకటుంది: ఈ కుళాయి నీటిని నేరుగా తాగవచ్చునా? ఇక్కడ పుట్టి పెరిగినవారికి ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది. పిల్లలను చూడవచ్చిన తల్లిదండ్రులు మాత్రం ఎవరెంత చెప్పినా నీళ్ళు కాచి, చల్లార్చి, వడగట్టుకునే తాగుతారు. ఈ రెండు అలవాట్ల వెనుకా చరిత్ర ఉంది. కుళాయి నీటిపై అమెరికనులకున్న నమ్మకం అనాదిగా వచ్చినది కాదు. 1908లో న్యూ జర్సీ రాష్ట్రంలో జరిగిన ఒక పని, ఆ పని చుట్టూ నడిచిన ఒక వ్యాజ్యం దానికి పునాది వేశాయి. ఆనాటి పని ఏ అపాయాన్ని తొలగించిందో, దేనిని తొలగించలేకపోయిందో తెలిస్తే పై ప్రశ్నకు తగిన జవాబు దొరుకుతుంది.

తేట నీరు, మంచి నీరు

నీటి మంచిచెడ్డలను మనిషి చిరకాలం కంటితో, ముక్కుతో, నాలుకతోనే నిర్ణయించాడు. మన ఇళ్ళలో బురదనీటిని తేర్చడానికి పటిక తిప్పేవారు, చిల్లగింజను అరగదీసి కలిపేవారు. తేరిన నీరు మంచి నీరన్నది అందరి నమ్మకం. 1854లో లండనులో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు రోగుల ఇళ్ళను పటంలో గుర్తించి, వ్యాధికి మూలం ఒక వీధి పంపు అని చూపాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధన చేసి కలరా సూక్ష్మజీవిని నిర్ధారించాడు. తేట నీరు వేరు, మంచి నీరు వేరు అని అప్పటికి తేలిపోయింది. కానీ కంటికి కనిపించని శత్రువును లక్షల మంది తాగే నీటినుండి తొలగించడం ఎలా? 1893లో మాసచూసెట్స్‌లోని లారెన్స్ నగరం సూక్ష్మజీవులను ఆపడానికే ఇసుక వడపోత ఏర్పాటు చేసుకుని టైఫాయిడును బాగా తగ్గించుకోగలిగింది. అయితే వడపోతకు స్థలం, ధనం, కాలం కావాలి. చాలా నగరాలు నదినీటిని ఉన్నదున్నట్టుగానే గొట్టాలలోకి వదిలేవి.

జర్సీ సిటీ వ్యాజ్యం

జర్సీ సిటీ అటువంటి నగరాలలో ఒకటి. పరిశ్రమల మురుగుతో, ఎగువ ఊళ్ళ మలినాలతో నిండిన పసాయిక్ నది నీటినే అది దీర్ఘకాలం వాడుకుంది. టైఫాయిడు మరణాలు పెరగడంతో 1899లో ఒక ప్రైవేటు కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం కంపెనీ రాకవే నదిపై బూంటన్ దగ్గర ఆనకట్ట కట్టి, నగరానికి నీరు తెచ్చింది. 1904లో నీరు రావడం మొదలయింది. నేడు వేలాది తెలుగు కుటుంబాలు నివసించే పార్సిపనీ పక్కన కనబడే జలాశయం అదే. జర్సీ సిటీకి నేటికీ నీరు అక్కడినుండే వస్తోంది.

నీరు స్వచ్ఛంగా, ఆరోగ్యకరంగా ఉండాలని ఒప్పందంలో ఒక షరతు ఉంది. గట్టి వానలు పడినప్పుడు ఎగువ ఊళ్ళ మురుగు జలాశయంలోకి చేరుతోంది గనుక ఆ షరతు నెరవేరలేదని, పూర్తి సొమ్ము చెల్లించనవసరం లేదని నగరం కోర్టుకెక్కింది. 1908లో న్యాయమూర్తి ఫ్రెడరిక్ స్టీవెన్స్ తీర్పు చెప్పాడు. నీరు సాధారణంగా బాగానే ఉన్నా ఏడాదిలో కొన్ని రోజులు బాగుండడం లేదు. కంపెనీ ఎగువన మురుగు కాలువలైనా కట్టాలి, లేదా అంతే ఫలితమిచ్చే మరొక ఉపాయమైనా చూపాలి. ఈ రెండో వాక్యం ఇచ్చిన సందులోంచే ఆధునిక కుళాయి నీరు పుట్టింది.

కంపెనీకి ఆరోగ్య సలహాదారు జాన్ లీల్ అనే వైద్యుడు. అంతకు ముందు పేటర్సన్ నగరంలో ఆరోగ్యాధికారిగా అంటువ్యాధులతో పోరాడినవాడు. అతని తండ్రి కూడా వైద్యుడే. అంతర్యుద్ధంలో సైన్యంతో ఉన్నప్పుడు పట్టుకున్న జిగట విరేచనాల వ్యాధితో ఏళ్ళ తరబడి బాధపడి చనిపోయాడు. లీల్ ఎంచుకున్న ఉపాయం క్లోరినేటెడ్ సున్నం, అంటే మనకు బ్లీచింగ్ పౌడరుగా తెలిసిన పదార్థం. దానిని పది లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు క్లోరిన్ కూడా మించనంత స్వల్పంగా నిరంతరం కలపాలని అతని ఆలోచన. దానికి కావలసిన యంత్రాంగాన్ని జార్జ్ ఫుల్లర్ అనే ఇంజనీరు వంద రోజుల లోపే నిర్మించి ఇచ్చాడు. 1908 సెప్టెంబర్ 26న ఆ ఏర్పాటు పనిచేయడం మొదలుపెట్టింది. రోజుకు నాలుగు కోట్ల గాలన్ల నీరు దాని గుండా సాగింది.

ఇందుకు ప్రజల అనుమతి ఎవరూ తీసుకోలేదు. ఆహారంలో రసాయనాల కల్తీపై దేశమంతటా అలజడి లేచి, 1906లో కల్తీ నిరోధక చట్టం వచ్చిన రోజులవి. అటువంటి సమయంలో తాగే నీటిలో బ్లీచింగ్ పౌడరు కలపడమంటే విషం కలపడంగానే ఎంచేవారు. నగరం తరఫు న్యాయవాదులు, వారు పిలిపించిన నిపుణులు ఈ వాదాన్నే రెండవ విచారణలో బలంగా వినిపించారు. ఈ నీటిని మీ భార్యాబిడ్డలకు ఇస్తారా అని లీల్‌ను నిలదీశారు. తడబడకుండా ఇస్తానన్నాడు. 1910లో విచారణాధికారి విలియం మేగీ రెండు పక్షాల పరీక్షా ఫలితాలను తూచి, కొత్త ఏర్పాటు నీటిని సురక్షితం చేస్తోందని తేల్చాడు.

ఈ కథలో నిస్వార్థ త్యాగాలేమీ లేవు. కంపెనీకి కావలసింది మురుగు కాలువల ఖర్చు తప్పించుకోవడం. నగరానికి కావలసింది సొమ్ము తగ్గించుకోవడం. అయినా ఈ వ్యాజ్యం వల్ల ఒక గొప్ప మేలు జరిగింది. నీరు మంచిదా కాదా అన్నది ఎవరి మాటనుబట్టో కాక, రోజువారీ పరీక్షల లెక్కలనుబట్టి బహిరంగంగా తేల్చవలసిన విషయమయింది. తరువాతి కొన్నేళ్ళలోనే దేశంలోని నగరాలు ఒకదాని వెంట ఒకటి క్లోరినును అనుసరించాయి.

దీని ఫలితం ఎంత అన్నదానిపై చర్చ నేటికీ ముగియలేదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో అమెరికా పెద్ద నగరాలలో మరణాల తగ్గుదలలో దాదాపు సగం శుద్ధి చేసిన నీటివల్లనేనని 2005లో డేవిడ్ కట్లర్, గ్రాంట్ మిల్లర్ లెక్కగట్టారు. ఆ తరువాత మార్క్ ఆండర్సన్, కెర్విన్ చార్ల్స్, డేనియల్ రీస్ అవే దత్తాంశాలను సరిచూసి ఆ అంచనా చాలా ఎక్కువని వాదించారు. టైఫాయిడును అణచడంలో నీటిశుద్ధి పాత్రను మాత్రం ఎవరూ కాదనలేదు.

అదే వారంలో హైదరాబాదు

జర్సీ సిటీలో క్లోరిన్ కలపడం మొదలైన రెండు రోజులకు, 1908 సెప్టెంబర్ 28న, హైదరాబాదులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడంతోపాటు నగరానికి తాగునీరివ్వడమూ ఆ జలాశయాల పని. గండిపేట నీటి రుచి గురించి హైదరాబాదువాసులు తరతరాలుగా గొప్పగా చెప్పుకున్నారు.

రెండు నగరాలకూ ఇంచుమించు ఒకే కాలంలో జలాశయాలు అమరాయి. హైదరాబాదులోనూ నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపే వదులుతారు. మరి ఒకచోట కుళాయి కింద నేరుగా గ్లాసు పెట్టే ధైర్యం, మరొకచోట ప్రతి వంటింట్లో ఫిల్టరు ఎందుకు? తేడా చాలావరకు గొట్టాలలో ఉంది. అమెరికా నగరాలలో గొట్టాలు ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో నిండి ఉంటాయి. ఎక్కడైనా చిల్లుపడితే నీరు బయటికి పోతుందే తప్ప మురుగు లోపలికి రాదు. రోజు విడిచి రోజు కొద్ది గంటలు నీరు వదిలే చోట, సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పక్కన పారే మురుగు ఆ చిల్లుల గుండా లోనికి ఊరుతుంది. ఆపైన ఇంటి సంపు, మిద్దెమీది ట్యాంకు ఉండనే ఉన్నాయి. శుద్ధికేంద్రం దగ్గర మంచిదైన నీరు ఇల్లు చేరేసరికి అలా ఉండకపోవచ్చు. కాచి చల్లార్చుకోవడం ఆ పరిస్థితికి మన పెద్దలు కనిపెట్టిన సరైన సమాధానం. సూక్ష్మజీవులకు మరిగే నీటిని మించిన మందు లేదు.

శత్రువు మారింది

క్లోరిన్ సూక్ష్మజీవులను జయించింది గానీ అన్నింటినీ కాదు. 1993లో మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి శుద్ధికేంద్రాన్ని దాటుకుని కుళాయిలకు చేరింది. నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా. ఆ జీవికి క్లోరిన్ అంటే లెక్కలేదు. 1974లో మరొక సంగతి బయటపడింది. నీటిలోని సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు పుడుతున్నాయని యొహానెస్ రూక్ అనే డచ్చి రసాయనవేత్త చూపించాడు. 1914లో మొదలైన సమాఖ్య ప్రమాణాలు రాష్ట్రాల సరిహద్దులు దాటే రైళ్ళు, ఓడలలోని తాగునీటికే వర్తించేవి. దేశమంతటి కుళాయిలనూ ఒక చట్టం కిందికి తెచ్చే సురక్షిత తాగునీటి చట్టంపై అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసింది 1974 డిసెంబర్ 16న.

అన్నిటికన్నా మొండి శత్రువు సీసం. ఇది నదినుండి వచ్చేది కాదు, ఇంటి ముంగిట పాతిన గొట్టంలోనే ఉంటుంది. వీధి గొట్టం నుండి ఇంటికి వచ్చే పాయను ఒకప్పుడు సీసంతో వేసేవారు. షికాగోలో అయితే 1986లో సమాఖ్య ప్రభుత్వం నిషేధించేదాకా సీసపు గొట్టమే వేయాలన్న నిబంధన ఉండేది. సీసానికి రంగు లేదు, వాసన లేదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. పాత గొట్టాలున్నచోట నీటిలో ఫాస్ఫేటు కలిపి, గొట్టం లోపల ఒక పూత ఏర్పడేలా చేస్తారు. ఆ పూత ఉన్నంతకాలం సీసం నీటిలో అంతగా కరగదు.

ఫ్లింట్ నగరంలో తప్పింది సరిగ్గా ఇక్కడే. 2014 ఏప్రిల్‌లో, రాష్ట్రం నియమించిన అధికారి పాలనలో, ఖర్చు తగ్గించడానికి డెట్రాయిట్ నీటిని మాని ఫ్లింట్ నది నీటికి మళ్ళారు. పూతను కాపాడే ఫాస్ఫేటు కలపలేదు. ఆ నీరు యంత్రభాగాలను తుప్పు పట్టిస్తోందని అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ తన కర్మాగారానికి వేరే నీరు తెప్పించుకుంది. ప్రజలకు మాత్రం నీరు బాగుందనే చెబుతూ వచ్చారు. వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం నీటి పరీక్షలు, పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా రక్తపరీక్షల లెక్కలు బయటపెట్టాకే, 2015 అక్టోబరులో పాత నీటికి తిరిగి మళ్ళారు.

జర్సీ సిటీని ఆనుకుని ఉన్న నూవర్క్‌లోనూ 2017 నుండి సీసం పరిమితి దాటింది. అయితే ఆ నగరం ఆ తరువాత మూడేళ్ళ లోపే ఇరవై వేలకు పైగా సీసపు గొట్టాలను ఇంటివారిపై భారం వేయకుండా మార్చివేసింది. తలచుకుంటే చేయగల పనే అని దీనితో రుజువైంది.

మన అలవాటు పనిచేయని చోటు ఇదే. నీటిని కాస్తే సీసం పోదు. ఆవిరైన మేరకు నీరు తగ్గి, మిగిలినదానిలో సీసం పాలు పెరుగుతుంది. త్వరగా కాగుతాయని వేడినీటి కుళాయి నుండి పట్టి వంటకు వాడడం ఇంకా చెడ్డది, వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగించుకుంటుంది గనుక.

ఫ్లోరైడ్ మాటను కూడా తెలుగువారు తమ అనుభవంతోనే వింటారు. నాటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతాలలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం వైద్యపత్రికలో వర్ణించింది. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. పళ్ళు పుచ్చకుండా గ్రాండ్ రాపిడ్స్ నగరం 1945లో నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టిందంటే మనకు వింతగా ఉంటుంది. అమెరికాలో సిఫారసు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు; ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి 1.5. ఇక్కడ కూడా ఆ ఆచారంపై వివాదం నడుస్తోంది. 2025లో యూటా రాష్ట్రం దానిని నిషేధించింది.

ఏమని జవాబు చెప్పాలి?

అమెరికాలో పురపాలక సంస్థ ఇచ్చే నీరు వీధిచివరి దాకా చాలావరకు సురక్షితం. అక్కడినుండి గ్లాసు దాకా ఉన్న కొద్ది అడుగుల దూరం ఇంటింటికీ వేరు. సీసంపై 1991 నాటి నిబంధన కూడా ప్రతి ఇంటికీ హామీ కాదు. పరీక్షించిన ఇళ్ళలో పదింట తొమ్మిదింటిలో సీసం వంద కోట్ల పాళ్ళకు 15 మించకపోతే ఊరు గట్టెక్కినట్టే; పదో ఇల్లు మనది కావచ్చు. సొంత బావి ఉన్న ఇళ్ళకైతే సమాఖ్య చట్టం వర్తించనే వర్తించదు, పరీక్ష బాధ్యత యజమానిదే.

1908లో న్యాయస్థానం అడిగిన లెక్కలను నేడు ఎవరైనా అడగవచ్చు. ప్రతి నీటిసంస్థ ఏటా జూలై 1 లోపు తన పరీక్షా ఫలితాలను ప్రజలకు అందజేయాలి. ఏ ఇంటికి ఏ లోహపు గొట్టం ఉందో చెప్పే జాబితాను 2024 అక్టోబర్ 16 నాటికి సిద్ధం చేయాలన్నది చట్టం. పాత ఇంటికి మారేవారు ఆ జాబితాలో తమ చిరునామా చూసుకోవాలి. గొట్టం సీసానిదైతే, లేదా ఏదో తెలియదని రాసి ఉంటే, చన్నీటి కుళాయినే వాడి, సీసాన్ని తొలగించగలదని ధ్రువీకరించిన ఫిల్టరు పెట్టించుకుని, గొట్టం మార్చమని సంస్థను అడగాలి. ఇవేవీ లేని ఇంట్లో, కుళాయి కింద గ్లాసు పెట్టి తాగడానికి సంకోచించనక్కరలేదు.