మీ దగ్గర షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది?

మెల్‌బోర్న్‌కి పడమట ఉన్న వెర్రిబీలో, ఆ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే స్థిరపడ్డారు. జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా ముందు వెళ్లేది జీపీ అనే కుటుంబ డాక్టరు దగ్గరికే. షుగర్ ఉన్నవాళ్లకి అప్పుడప్పుడు ఆ క్లినిక్ నుంచే ఫోన్ వస్తుంది: "మీరు రక్తపరీక్ష చేయించుకుని ఏడాది కావస్తోందండీ, ఎప్పుడు వస్తారు?" ఆ ఒక్క ఫోన్ వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది.

1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు ఒకే ఒక్క కాగితం మీద ఒక గ్రాఫ్ గీసి తన పైఅధికారికి ఇచ్చాడు. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కార్ఖానాలో సరుకు ఎప్పుడు మామూలు హెచ్చుతగ్గులతో వస్తోందో, ఎప్పుడు నిజంగా ఏదో చెడిందో ఆ గ్రాఫ్ చూస్తే తెలిసేది. ఆయన దగ్గర ఆ విద్య ఒంటబట్టించుకున్న ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి పరిశ్రమల పెద్దలకు పాఠాలు చెప్పాడు. తప్పుల్లో ఎక్కువ భాగం పనివాడివి కావు, పని సాగే పద్ధతివి అని డెమింగ్ చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

వైద్యులకు ఈ మాట మింగుడుపడలేదు. తప్పు చేసిన డాక్టరును వెతికి పట్టుకుంటే చాలు, వైద్యం బాగుపడుతుందని వాళ్ల నమ్మకం. బోస్టన్‌లో పిల్లల డాక్టరు డొనాల్డ్ బెర్విక్ 1980లలో డెమింగ్ తరగతికి వెళ్లి, కోపంతో మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేశాడు. అయితే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తిరిగి వెళ్లి కూర్చున్నాడు. ఆ తిరుగు ప్రయాణమే లేకపోతే ఈ కథ ఏ దారి పట్టేదో! 1989లో ఆయన రాసిన వ్యాసం డాక్టర్ల ఆలోచనను కదిలించింది. 1995కల్లా ఆయన సంస్థ కొత్త పద్ధతిని రూపుదిద్దింది. ఎన్నో వైద్యశాలలు ఒకచోట చేరి నేర్చుకోవాలి, ఇంటికెళ్లి ఒక చిన్న మార్పు చేసి చూడాలి, లెక్క తీసుకుని మళ్లీ కలవాలి. 2000లో ఇంగ్లండ్‌లో జాన్ ఓల్డ్‌హామ్ అనే జీపీ దాన్ని ఊరి క్లినిక్‌లకు తెచ్చాడు. అక్కడి నుంచి అది ఆస్ట్రేలియా చేరింది.

అప్పటిదాకా ఆస్ట్రేలియాలోనూ డాక్టర్లకు మార్గదర్శకాలు పంపారు, సాయంత్రాలు ఉపన్యాసాలు పెట్టారు. విన్నవాళ్లు మెచ్చుకున్నారు, మర్నాడు ఎప్పటిలాగే పనిచేశారు. 2005 ప్రాంతంలో ఈ కొత్త ఉద్యమంలో చేరిన క్లినిక్‌లకు ఎదురైన చిక్కుప్రశ్న చాలా మామూలుది: మీ దగ్గర షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది? చాలాచోట్ల కంప్యూటర్ సరైన జవాబివ్వలేకపోయింది. ఒకే జబ్బును ఒక డాక్టరు 'టైప్ టూ' అని, ఇంకొకరు పొడి అక్షరాల్లో, మరొకరు 'షుగర్' అని టైపు చేసి ఉంచారు. ఒక పేరుతో వెతికితే మిగతావాళ్లు కనిపించరు. కనిపించనివాళ్లను పరీక్షకు పిలిచేదెవరు?

తాళంచెవి దొరికింది ఇక్కడే. ఆ జాబితాను సరిచేసే తీరిక డాక్టరుకు లేదు. నర్సు, మేనేజరు, ముందు బల్ల దగ్గర ఫోన్ ఎత్తే అమ్మాయి కూర్చుని ఒక్కొక్క పేరూ సరిదిద్దారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, పక్కన కూర్చుని చూపించేవాళ్లు ఉన్నచోట పని ముందుకు కదిలింది. క్లినిక్‌ను నిజంగా నడిపేది ఆ ముందు బల్లేనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇన్నేళ్లూ దాన్నే ఎవరూ పట్టించుకోలేదు.

2015 జులైలో దేశమంతటా ప్రాథమిక ఆరోగ్య నెట్‌వర్కులు ఏర్పడ్డాయి. వెర్రిబీ నార్త్ వెస్టర్న్ మెల్‌బోర్న్ నెట్‌వర్కు కిందికి వచ్చింది. క్లినిక్ సిబ్బందికి చేదోడుగా నిలవడం ఇలాంటి నెట్‌వర్కుల బాధ్యత. 2019 ఆగస్టు నుంచి, తమ లెక్కలు పంచుకుంటూ మెరుగుపడే ప్రయత్నం చేసే క్లినిక్‌లకు ప్రభుత్వం డబ్బిస్తోంది. చూసే అంశాలు పది. షుగర్ పరీక్ష, బీపీ, ఫ్లూ టీకా అందులోవే. ఇన్ని మార్కులు రావాల్సిందేనన్న నియమం మాత్రం పెట్టలేదు. నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

ముందు బల్ల దగ్గర అమ్మాయి జాబితాలో తర్వాతి పేరు చూసి, మళ్లీ ఫోన్ ఎత్తుతుంది.