బంజారాహిల్స్‌లో బంజారాల సమాధులు ఏవి?



హైదరాబాద్‌లో చదువుకునే మనవాళ్లు పార్ట్‌టైమ్ పనికని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ వైపు వెళ్తూనే ఉంటారు. అక్కడే మహాప్రస్థానం ఉంది. 2022 నవంబర్‌లో హీరో కృష్ణ గారి అంత్యక్రియలు జరిగింది అందులోనే. చెట్లూ పచ్చికా చూస్తే శ్మశానం అనిపించదు. అంతకుముందు 2014లో అక్కినేని నాగేశ్వరరావు గారిని అన్నపూర్ణ స్టూడియోలోనే, 2015లో రామానాయుడు గారిని ఫిల్మ్ నగర్‌లోని తన స్టూడియోలోనే సాగనంపారు. చెమటోడ్చిన నేలలోనే కలిసిపోవాలన్న కోరికను తప్పుపట్టలేం. కాకపోతే భూమి చేతిలో ఉన్నవాళ్లకే అది తీరుతుంది.

ఆ పక్కనే బంజారాహిల్స్. ఒకప్పుడు అక్కడ రాళ్లగుట్టలు, అడవి, లంబాడీల తండాలు. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకుని బంజారా భవన్ అని పేరు పెట్టాడు. పేరు మిగిలింది. తండా పోయింది. లంబాడీ ఆచారంలో పెళ్లయినవాళ్లను కాలుస్తారు, పెళ్లి కానివాళ్లను పూడుస్తారు కదా. ఆ గుట్టల్లో పూడ్చిన పిల్లల మీద ఇప్పుడు ఏ బంగ్లా ఉందో ఎవరు చెప్తారు?

గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనేమో వేల ఏళ్ల నాటి బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర అడవి గుట్ట మీద ఇంకా పెద్ద రాతి సమాధులున్నాయి. నిలువు బండలు, పైన ఒక కప్పు బండ. ఇలాంటివాటిని జనం రాకాసి గుళ్లు అంటారు. చచ్చినవాళ్లకు కట్టిన ఇంటిని రాకాసులకు అంటగట్టడం నాకైతే నచ్చదు. ఏదైతేనేం, రాయి ఉంది కాబట్టే అవి నిలిచాయి.

ఇప్పుడు పట్నాల్లో ‘సహజ ఖననం’ అనే మాట కొత్తగా వినిపిస్తోంది. 1993లో ఇంగ్లాండ్‌లోని కార్లైల్ శ్మశానంలో కెన్ వెస్ట్ అనే అధికారి దీన్ని మొదలుపెట్టాడు. రసాయనాలు పూయకుండా, సిమెంటు వాడకుండా, మట్టిలో కలిసిపోయే పెట్టెలో పూడ్చి పైన చెట్టు నాటడం. తర్వాత జర్మనీలో అడవులనే శ్మశానాలు చేశారు. మన అవ్వలకు చెప్తే “ఇందులో కొత్తేముంది బిడ్డా” అంటారు.

అయితే మనలోనూ అందరిదీ ఒకే పద్ధతి కాదు. సవరలు కాల్చినా ఊరుకోరు, తర్వాత ‘గువార్’ చేసి పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు, దున్నను బలిస్తారు. ఇక గోండుల ఊరు మార్లవాయి. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల సంగతి తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్‌ మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1987లో బెట్టీ చనిపోతే అక్కడే సమాధి కట్టారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ చితాభస్మాన్నీ తర్వాత ఆమె పక్కకే తెచ్చారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి తలుచుకుంటారు. పరాయి దేశం మనిషికి మన అడవిలో చోటు దొరికింది, గుర్తూ దొరికింది.

మరి మనకు? చిక్కంతా ఇక్కడే ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, నియమాలు 2008లో. పాత నివాసానికి సాక్ష్యాలేవో 13వ నియమంలో రాశారు. బావులు, దేవతల చోట్లతో పాటు శ్మశానాలు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. అంటే తాత సమాధి పట్టాకు సాక్ష్యం! కానీ మన తాతలు మట్టిలో మట్టయ్యారు, పైన ఇప్పచెట్టు పెరిగింది. ప్రకృతికి మంచిదే. రేపు సర్వేకి వచ్చిన ఆఫీసరుకు అది ఉత్త చెట్టు. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్ల శ్మశానాలైతే నీళ్లలోకే పోతున్నాయి. ఇంటికి నష్టపరిహారం లెక్క కడతారు, తాత పడుకున్న చోటుకు ఏ లెక్క?

అదే 13వ నియమంలో ఇంకో మాట ఉంది. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా ఊరి పెద్దలు వేరేవాళ్లు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటికి మించి ఉండాలి. కాబట్టి ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఏ చెట్టు కింద ఎవరున్నారో అవ్వను అడగండి. పేరు, చెట్టు, వాగు ఏ వైపో రాసి, కింద అవ్వ వేలిముద్ర వేయించండి.