కీళ్ల ఎం.ఆర్.ఐ. పఠనం: చరిత్ర, కృష్ణా డెల్టా

కీళ్లలో, వాటిని పట్టి ఉంచే కట్లలో వచ్చిన దెబ్బను, అరుగుదలను అయస్కాంత (ఎం.ఆర్.ఐ.) చిత్రాల్లో చూసి అర్థం చెప్పడం రేడియాలజీలో ఒక ప్రత్యేక విద్య. కండరాన్ని ఎముకకు కట్టే తాడు టెండన్. ఎముకను ఎముకకు కట్టే పట్టీ లిగమెంటు. కృష్ణా తీరపు ఊళ్లలో ఈ రెండూ ‘నరమే’. రక్తనాళమూ, అసలు నరమూ కూడా అదే పేరుతో చలామణి అవుతాయి. కీలు లోపలి మృదులాస్థి ‘గుజ్జు’. ‘నరం పట్టేసింది, గుజ్జు అరిగింది’ అంటూ వచ్చిన మనిషి బాధ ఈ ఐదింటిలో దేనిదో తేల్చడంతోనే రేడియాలజిస్టు పని మొదలవుతుంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాక ఎముక కనబడింది గానీ దాన్ని కట్టిన పట్టీలు కనబడలేదు. అవి ఎక్స్‌రేలో కనబడాలంటే సున్నం పట్టి గట్టిపడాలి. అలా గట్టిపడిన లిగమెంట్ల తొలి కథల్లో ఒకటి మన నేలదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయినవారి గురించి రాశారు. ఎముకల మధ్య పట్టీలు కూడా ఎముకలా మారిపోవడం ఆ వ్యాధి గుర్తు. మిగతా రోగులకు వైద్యుడి చెయ్యే సాధనం. కాలు పట్టుకుని ముందుకు లాగి, మోకీలు ఎంత జారుతోందో చూసేవారు. 1918లో టోక్యోలో టకాగి కీలులోకి గొట్టం పెట్టి చూశాడు కానీ ఆ పద్ధతి మామూలు ఆస్పత్రులకు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు పలుకుతాయని 1946లో బ్లాక్, పర్సెల్ విడివిడిగా చూపారు. పారే ద్రవాల్లో ఆ సంకేతం ఎలా మారుతుందో 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ గమనించాడు. మన దేశంలో దీన్ని ఎక్కువమంది చెప్పుకోరు, చెప్పుకోవాలి. 1973లో లాటర్‌బర్ ఆ సంకేతాలతో బొమ్మ గీశాడు. 1977లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మాన్స్‌ఫీల్డ్ బృందం బతికున్న మనిషి వేలి అడ్డుకోతను, అక్కడే హిన్‌షా, బాటమ్లీ, హాలండ్ మణికట్టును ప్రచురించారు. అంటే ఎం.ఆర్.ఐ. యంత్రం మనిషి ఒంట్లో ముందుగా చూసిన చోట్లలో వేలు, మణికట్టు ఉన్నాయి. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది.

పఠనానికి ఆధారం నీరు. టెండన్, లిగమెంటుల్లో కొల్లాజన్ పోగులు బిగుతుగా పేనుకుని ఉంటాయి, నీరు వాటికి అంటుకుని ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నంతకాలం అవి నల్లటి తాళ్లలా కనిపిస్తాయి. పోగు తెగితే నీరు చేరి, నీటిని తెల్లగా చూపే టి2 అనే రకం చిత్రంలో మెరుస్తుంది. మోకీలు లోపలి ముందు లిగమెంటు తెగినప్పుడు తాడు తెగిన చోటు ఒక్కటే చూడరు. కబడ్డీలో కాలు మెలితిరిగి పడిన కుర్రాడి తొడ ఎముక వెలుపలి కొస, కాలి ఎముక వెనక భాగాన్ని గుద్దుకుంటుంది. రెండు ఎముకల మీదా ఎదురెదురుగా తెల్లటి కమిలిన మచ్చలు మిగులుతాయి. పడిన క్షణాన కాలు ఎలా తిరిగిందో ఆ మచ్చలే చెబుతాయి. ఈ విద్యలో అంతకంటే ముచ్చటైన ఘట్టం మరొకటి లేదు. ఎక్స్‌రేలో దాగిన సన్నటి బీటలూ ఇలాగే బయటపడతాయి. 2022 కామన్వెల్త్ క్రీడల్లో నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచిన పి.వి. సింధు ఎడమ పాదంలో ఎముక బీటలిచ్చినట్టు హైదరాబాద్ చేరాక తీసిన ఎం.ఆర్.ఐ.లోనే తేలింది.

తెల్లగా కనిపించినదంతా తెగినది కాదు. టెండన్ పోగులు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల వాలులో ఉంటే, ఏ దెబ్బా లేకున్నా కొన్ని చిత్రాల్లో మెరుస్తాయి. భుజంలో, చీలమండలో ఈ భ్రమ ఎక్కువ. టి2 చిత్రంలో ఆ మెరుపు మాయమైతే అది వాలు వల్ల వచ్చినదే. మోకీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ విషయంలో 1987లో క్రూస్ బృందం మెరుపును మూడు అంచెలుగా విడదీసింది. లోపలే ఆగితే ఒకటి, రెండు. కీలు అంచుదాకా వస్తేనే మూడు, అదే చిరుగు. ఒక్క కోత చిత్రంలో కాక రెండు, అంతకు మించిన కోతల్లో అంచును తాకితే చిరుగు అనే మాటకు బలం ఎక్కువని తర్వాత డి స్మెట్ బృందం చూపింది.

ఎముకల చిత్రాల చదువును తెలుగు నేలకు తెచ్చినవారిలో మొదటి పేరు కాకర్ల సుబ్బారావుది. 1925 జనవరి 25న కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి పెదముత్తేవిలో పుట్టాడు. బందరు హిందూ కళాశాలలో చదివి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టరై, అమెరికాలో రేడియాలజీ నేర్చుకుని 1956లో తిరిగొచ్చి ఉస్మానియా వైద్య కళాశాలలో పాఠాలు చెప్పాడు. మళ్లీ అమెరికా వెళ్లి ఎముకల రేడియాలజీలో పేరు పొందాడు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి అధ్యక్షుడూ ఆయనే. 1980ల నడుమ అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు పిలుపుపై వచ్చి హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రికి డైరెక్టరయ్యాడు. ఆ సంస్థ మొదట ఎముకల ఆస్పత్రే. భారత్‌లో తొలి ఎం.ఆర్.ఐ. ఢిల్లీలోని ఇన్మాస్ అనే పరిశోధన సంస్థకు వచ్చినదీ ఆ రోజుల్లోనే. సుబ్బారావు 2000లో పద్మశ్రీ అందుకుని, 2021 ఏప్రిల్ 16న కన్నుమూశాడు. డెల్టా పల్లెటూరి నుంచి వెళ్లి ఎముకల బొమ్మలు చదవడం తరతరాల వైద్యులకు నేర్పిన ఆయన పేరు ఈ చరిత్రలో ముందుండాల్సిందే.

ఇక డెల్టా విషయానికొస్తే, విజయవాడలో 1980లో సిద్ధార్థ వైద్య కళాశాల, 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2018లో మంగళగిరి ఎయిమ్స్‌లో తరగతులు మొదలయ్యాయి. ప్రైవేటు స్కానింగ్ కేంద్రాలకు విజయవాడ సూర్యారావుపేట పెట్టింది పేరు. వరినాట్లలో వంగి మోకాళ్లు, నడుము పట్టేసిన వాళ్లు, బైకు మీంచి పడ్డ కుర్రాళ్లు, పందేల్లో కాలు మెలితిరిగిన కబడ్డీ ఆటగాళ్లు అక్కడికి వస్తుంటారు.

వీరిలో పెద్దవయసు వారికి ఇటీవలి చరిత్ర చాలా ముఖ్యం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 991 మంది మోకాళ్లను స్కాన్ చేసిన ఎంగ్లండ్ అనే పరిశోధకుడి బృందం 2008లో ఫలితాలు వెల్లడించింది. మెనిస్కస్ చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో నొప్పే లేదు. అరుగుదల చిరుగులున్న 146 మందిపై ఫిన్లాండ్‌లో జరిగిన ప్రయోగంలో, చిరిగిన ముక్కను కోసేసినవారికీ, కీలులోకి గొట్టం పెట్టి చూసి, ముక్క కోసినట్టు నటించి వదిలేసినవారికీ ఏడాది తర్వాత తేడా లేదని 2013లో తేలింది. రిపోర్టులో ‘చిరుగు’ అన్న మాట చూడగానే ఆపరేషన్‌కు పరుగెత్తడం తప్పు. ఆ చిరుగే ఈ నొప్పికి కారణమా అన్నది రోగి కాలును పట్టి చూసిన డాక్టరే చెప్పగలడు.

స్కాన్‌కు వెళ్లేవారు పాత ఎక్స్‌రేలు, పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి. ఏ కాలు, ఎప్పటినుంచి నొప్పి, ఎలా పడ్డారు అన్నది డాక్టరు చేత చీటీ మీద రాయించుకోవాలి.