రీసైక్లింగ్‌కు అనువైన లిథియం అయాన్ బ్యాటరీల రూపకల్పన

కాలం తీరిన లిథియం అయాన్ బ్యాటరీని సులభముగా విప్పి, అందులోని లోహాలను తక్కువ ఖర్చుతో తిరిగి పొందుటకు వీలుగా దానిని తయారీ దశలోనే తీర్చిదిద్దడాన్ని రీసైక్లింగ్‌కు అనువైన రూపకల్పన అంటారు. బ్యాటరీలలో వాడే కోబాల్టు, నికెలు, లిథియం లోహాల కొరకు భారతదేశం ప్రధానంగా దిగుమతులపై ఆధారపడి ఉన్నందున ఈ విషయానికి ప్రాధాన్యత కలదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతము

దక్షిణ రాయలసీమలో బ్యాటరీల పరిశ్రమకు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉన్నది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. తిరుపతి సమీపంలోని కరకంబాడిలోను, చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లెలోను ఈ సంస్థ కర్మాగారాలు ఉన్నవి. ఇక్కడ ముఖ్యంగా సీసపు ఆమ్ల బ్యాటరీలు తయారవుతాయి. లిథియం సెల్‌ల తయారీ కొరకు ఇదే సంస్థ తెలంగాణలోని మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో చేపట్టిన కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే, 2022 సెప్టెంబరులో, తిరుపతిలోని మునోత్ ఇండస్ట్రీస్ వారి లిథియం సెల్‌ల కర్మాగారంలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైనది. దీని స్థాపిత సామర్థ్యం ఏడాదికి 270 మెగావాట్ గంటలు. అదే నెలలో తిరుమల ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ప్రారంభమైనవి. ఇటువంటి వాహనాల బ్యాటరీలు కొన్నేళ్ళ తరువాత రీసైక్లింగ్‌కు చేరవలసినవే.

సీసపు బ్యాటరీతో పోలిక

సీసపు బ్యాటరీని ఏ సంస్థ తయారు చేసినా లోపల ఉండే పదార్థాలు దాదాపు ఒక్కటే: సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, ప్లాస్టిక్ డబ్బా. ఆమ్లాన్ని తొలగించి, బ్యాటరీని పగులగొట్టి నీటిలో వేస్తే సీసం అడుగుకు చేరుతుంది, ప్లాస్టిక్ పైకి తేలుతుంది. సీసాన్ని కరిగించి మరల కొత్త పలకలు చేయవచ్చును. అందువలన పాత బ్యాటరీకి ఎప్పుడూ ధర పలుకుతుంది. అయితే రక్షణ చర్యలు లేకుండా సీసాన్ని కరిగించే చోట్ల పనివారికి, పరిసరాలలోని పిల్లలకు సీసపు విషం సోకే ప్రమాదం ఉన్నది.

లిథియం అయాన్ బ్యాటరీలో ఈ సౌలభ్యం లేదు. ధన ధ్రువపు పదార్థం అల్యూమినియం రేకుపైన, గ్రాఫైట్ రాగి రేకుపైన పల్చటి పూతగా అంటించబడి ఉంటాయి. రెండింటి మధ్య ప్లాస్టిక్ పొర, మండే స్వభావం గల ద్రవం ఉంటాయి. ధన ధ్రువపు రసాయనం కూడా అన్నింటిలో ఒకటి కాదు. కొన్నింటిలో నికెలు, మాంగనీసు, కోబాల్టు ఉంటే, మరికొన్నింటిలో ఇనుము, ఫాస్ఫేటు ఉంటాయి. బయటి నుండి చూసి ఈ తేడాను కనిపెట్టలేము. విద్యుత్తు మిగిలి ఉన్న సెల్‌ను పగులగొడితే మంటలు లేవవచ్చును.

రీసైక్లింగ్ పద్ధతులు

* కొలిమి పద్ధతి: అధిక ఉష్ణోగ్రత వద్ద కరిగించి కోబాల్టు, నికెలు, రాగి తీస్తారు. గ్రాఫైట్, ప్లాస్టిక్ కాలిపోతాయి. లిథియం, అల్యూమినియం చిట్టెములో కలుస్తాయి.
* ఆమ్ల పద్ధతి: సెల్‌లను పొడి చేయగా వచ్చే నల్లని పొడిని ఆమ్లంలో కరిగించి లోహాలను వేరు చేస్తారు. హైదరాబాదులోని సి-మెట్ సంస్థ ఈ తరహా సాంకేతికతను రూపొందించి, 2023లో 9 సంస్థలకు బదిలీ చేసినది.
* ప్రత్యక్ష పద్ధతి: ధన ధ్రువపు పదార్థాన్ని విడగొట్టకుండా, తగ్గిన లిథియంను చేర్చి తిరిగి వాడతారు. వేర్వేరు రసాయనాలు కలిసిపోతే ఈ పద్ధతి పనిచేయదు.

రూపకల్పనలో మార్పులు

* సెల్‌లను జిగురుతోను, వెల్డింగుతోను శాశ్వతంగా అతికించుటకు బదులు మరలతో బిగించడం.
* ప్యాక్‌లు, సెల్‌ల కొలతలను ప్రమాణీకరించడం. దీనివలన యంత్రాలతో విప్పుట సాధ్యమవుతుంది.
* లోపలి రసాయనం తెలిపే గుర్తును ప్రతి ప్యాక్‌పైన ముద్రించడం.
* పూతను రేకుకు పట్టి ఉంచే ఫ్లోరిన్ బంధకానికి బదులు నీటిలో కరిగే బంధకాన్ని వాడడం. ఫ్లోరిన్ బంధకం వేడికి విషవాయువునిస్తుంది. గ్రాఫైట్ వైపు నీటి ఆధారిత బంధకాలు ఇప్పటికే విరివిగా వాడుకలో ఉన్నవి. నికెలు ఎక్కువగా గల పదార్థాలు నీటి తాకిడికి దెబ్బతినుట వలన ధన ధ్రువం వైపు ఈ మార్పు కష్టతరం.

పరిమితులు

ఈ మార్పులకు కొంత మూల్యం ఉన్నది. మరలు బరువును పెంచుతాయి. జిగురు అదురును తట్టుకొనుటకు, వేడిని బయటకు పంపుటకు తోడ్పడుతుంది. చవకైన, ఎక్కువ కాలం మన్నే ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీలలో కోబాల్టు, నికెలు లేనందున వాటి నుండి రాబడి తక్కువ. కనుక విప్పే ఖర్చు తగ్గించుట వీటికే మరింత అవసరం.

చట్టాలు

భారతదేశంలో 2001 నాటి బ్యాటరీ నియమాలు సీసపు బ్యాటరీలకే వర్తించేవి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రకాల బ్యాటరీలకు వర్తిస్తాయి. వాడిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. చేతి పరికరాల బ్యాటరీలు, విద్యుత్ వాహనాల బ్యాటరీల నుండి తిరిగి పొందవలసిన పదార్థాల కనీస శాతం 2024-25కు 70, 2025-26కు 80, 2026-27 నుండి 90గా నిర్ణయించబడినది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం చేతి పరికరాల బ్యాటరీలను వినియోగదారుడే తీయగలిగేలా అమర్చుటకు, వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు ఇచ్చుటకు 2027 ఫిబ్రవరి 18 గడువు.

వ్యర్థాల బాధ్యత ఉత్పత్తిదారులపై ఉన్నప్పుడు, విప్పుటకు కష్టమైన బ్యాటరీ వలన కలిగే అదనపు వ్యయం కూడా వారికే చేరుతుంది. సులభంగా విడివడే బ్యాటరీని తయారు చేయుటకు ఇది ఒక ముఖ్యమైన ప్రేరణ.