కెమెరా ఏ ఎత్తున పట్టాలె? పస్తాపూర్ అక్కల చరిత్ర



ఈసారి జహీరాబాద్ దిక్కు ముచ్చట చెప్త. మన ఇబ్రహీంపట్నం నుంచి పోతే హైదరాబాద్ దాటి అవతల ఉంటది. అక్కడి ఆడోళ్లు పాట, బండి, కెమెరా, రేడియో పట్టుకొని తమ విత్తనాన్ని ఎట్ల కాపాడుకున్నరో మనం తెలుసుకోవాలె. ఎందుకో చివర్ల చెప్త.

1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో పి.వి. సతీశ్ ఒకరు. అంతకుముందు ఆయన దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డయి. సభ్యుల్లో ఎక్కువమంది దళితులు, కొద్దిపాటి చెలక ఉన్నోళ్లు. రేషన్ బియ్యం వచ్చినంక జొన్న, కొర్ర, సామ మెల్లగా చేన్లకెల్లి పోతున్న కాలం అది. వీళ్లు బీడు భూములు మళ్లీ దున్నిండ్రు. ఒకే చెలకలో ఎన్నో రకాలు కలిపి వేసిండ్రు. ఊర్లనే విత్తన బ్యాంకులు పెట్టుకున్నరు. విత్తనం తీసుకపోయినోళ్లు పంట చేతికొచ్చినంక ఎక్కువ కొలిచి తిరిగియ్యాలె.

ఈ సంగతి పక్క ఊళ్లకు తెలిసేదెట్ల? అందుకే పాత పంటల జాతర పుట్టింది. సంక్రాంతికి మొదలై సుమారు నెల రోజులు నడుస్తది. సింగారించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని, డప్పులతో, పాటలతో ఊరూరు తిరుగుతరు. బండి ఆగిన కాడ రైతులు కూసొని విత్తనం, భూమి, ధర గురించి మాట్లాడుకుంటరు. చూసేటోళ్లకు అది పండుగ, చేసేటోళ్లకు ఉద్యమం.

తర్వాత కెమెరా వచ్చింది. బడి మొఖం చూడని అక్కలు వీడియో తీసుడు నేర్చుకున్నరు. పైనుంచి కిందికి తీస్తే దానికి ‘పటేల్ షాట్’ అని పేరు పెట్టిండ్రు. పటేల్ మనల్ని చూసే చూపు అదే గద. కిందికెల్లి తలెత్తి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా పెడితే అది ‘సంఘం షాట్’. వాళ్లకు సంఘంల అందరూ ఒక్క ఎత్తునే ఉంటరు.

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. అదే ఏడు ఈ అక్కలు వరంగల్ దిక్కు పోయి, విత్తిన కాడినుంచి ఏరే దాక చేన్లను, రైతుల మాటలను తీసిండ్రు. 2003లో ఆ సినిమా బయటికొచ్చి వేరే దేశాల్లో కూడ చూపించిండ్రు. మొదట వచ్చిన మూడు బీటీ రకాలకు 2005లో మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. సినిమా ఒక్కదానితోనే అట్లయిందని నేననను. రైతుల నష్టం, ఎందరిదో కొట్లాట అందులో ఉన్నది. తర్వాత వేరే బీటీ రకాలొచ్చినయి, ఇయ్యాల మన చేన్లల్ల ఉన్న పత్తి దాదాపు అంతా బీటీనే. అయినా ఆ ఏడు రైతు ఏమన్నడో రైతు పక్కన కూసున్నోళ్లే రాసిపెట్టిండ్రు.

2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు: జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. ఆ ఏడు మార్చిలనే సతీశ్ గారు పోయిండ్రు.

ఇగ మన సంగతి. పెద్దచెరువుకు నీళ్లొచ్చే కాలువలు ఎక్కడెక్కడ పారేవో చెప్పగలిగిన ముసలోళ్లు ఊరికి ఎంతమంది మిగిలిండ్రు? మన పక్క యాచారంలో ఫార్మాసిటీ భూముల కోసం రైతులు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. ప్లాట్ల బ్రోచర్లో మన భూమి బొమ్మ ఎప్పుడూ పైనుంచి, డ్రోన్‌తో తీసిందే ఉంటది. అందులో మనుషులు కనపడరు. పటేల్ షాట్ అంటే అదే.

జహీరాబాద్ అక్కలకు ఆనాడు కెమెరా దొరుకుడే కష్టం. మన జేబుల ఫోన్ ఉన్నది. ఈ వానకాలం లోపల మీ ఊర్ల ఒక్క పెద్దమనిషి పక్కన కూసొని, ఆయన కంటి ఎత్తున ఫోన్ పట్టి, చెరువు గురించి, పాత విత్తనం గురించి అడుగుండ్రి. డప్పు, పాట వచ్చినోళ్లుంటే వాళ్లనూ పిలువుండ్రి. తీసినంక నాకు పంపుండ్రి, ఈ పేజీలనే పెడత.