33 ఏళ్ల నేల

మీ ముందు సిమెంటు లారీ పోతోంది. దాటేద్దామని మీరెక్కిన షేరు బండి (డాలాడాలా) డ్రైవరు రెండు మూడు సార్లు చూసి ఊరుకున్నాడు. సంచుల మీద జిరాఫీ బొమ్మ. టాంజానియాలో దార్ ఎస్ సలామ్ శివారులోని వాజో హిల్ ఫ్యాక్టరీ సరుకది. సముద్రం దాటి జాంజిబార్ రేవులో దిగి, ఇప్పుడు అక్కడి ఉంగుజా దీవి నైరుతి కొసన ఉన్న ఫుంబాకు వెళ్తోంది. మీరూ అక్కడికే. చెక్క బల్ల మీద మీ పక్కన చేపల బుట్టతో ఒక పెద్దావిడ, ఎదురుగా భుజాన బ్యాగులతో ఇద్దరు కుర్రాళ్లు. బ్వెలేయో దగ్గర కుర్రాళ్లు దిగిపోయారు. ఐఐటీ మద్రాసు 2023లో తెరిచిన క్యాంపస్ అక్కడుంది. మన దేశం బయట ఏ ఐఐటీకైనా అదే మొదటిది.

రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి చెట్లు, పొదలు, మధ్యమధ్య సగంలో ఆగిన ఇళ్లు. నడుమెత్తు గోడలు, మూలల్లో పైకి లేచిన తుప్పు చువ్వలు. పాడుబెట్టిన ఇళ్లనుకోకండి. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా నాలుగు వరసలు కట్టుకుని మళ్లీ ఆగే ఇళ్లవి. పదేళ్లు పట్టినా అప్పు లేకుండా పూర్తవుతాయి. ఈ దేశంలో నిర్మాణ రంగం అంటే ముందు వీటినే లెక్కపెట్టాలని నా ఉద్దేశం. బ్రోషర్లలో కనిపించే అపార్ట్‌మెంట్లు ఆ తర్వాత.

ఫుంబాలో దిగగానే ఎండ కళ్లల్లో పొడుస్తుంది. నేల తెల్లగా ఉంది. మట్టి వేలెడు మందం కూడా లేదు, దాని కింద అంతా పగడపు రాయి. ఒకప్పటి సముద్రపు అడుగు పైకి తేలి దీవి అయింది. పునాది గుంట దగ్గర ఇద్దరు డ్రిల్లు పట్టుకుని ఊగిపోతున్నారు. మిమ్మల్ని తిప్పి చూపిస్తున్న సైటు ఇంజనీరుది అమలాపురం. మెడకు తువ్వాలు, చేతిలో టేపు, నోట్లో స్వాహిలీ.

"ఇక్కడ తవ్వడం ఉండదండీ, కొట్టడమే," అంటాడు. "పునాదికి గట్టి నేల దొరికినట్టే, అది నిజం. కానీ సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి కావాలంటే రెండు వారాలు."

ఆ రాయిని చేత్తో పట్టి చూడండి. గరుకుగా, చిల్లులు చిల్లులుగా, చూసినంత బరువు లేకుండా ఉంటుంది. కింద మురుగు వదిలితే ఆ చిల్లుల్లోంచి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. తాగే నీరు ఉండేదీ ఆ చిల్లుల్లోనే. వాన నీరు రాయిలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పు నీటి మీద పలచటి పొరగా తేలి ఉంటుంది. మోటారు పెట్టి ఎక్కువ లాగితే ఆ పొర పలచబడి, కింది ఉప్పు పైకొస్తుంది. కోనసీమలో బోర్లు ఉప్పెక్కిన ఊళ్లవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంజనీరు ఒక డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు తీసి మీ ముందు పెడతాడు. "ఒక్క చుక్క నాలిక మీద వేసుకోండి."

వేసుకుంటారు. మరీ ఉప్పగా లేదు. మింగాక గొంతులో కాస్త తెలుస్తుంది, అంతే.

"మనం తాగేయగలం. కాంక్రీటు తాగలేదండి," అంటూ ఆ నీళ్లు పారబోస్తాడు. క్యూరింగుకు ట్యాంకరు నీళ్లు తెప్పిస్తున్నాడు. ఎదురుగా పాత గెస్ట్‌హౌసొకటి ఉంది. దాని బాల్కనీ కింద స్లాబు పెచ్చులూడి, చువ్వలు ఎర్రగా బయటపడ్డాయి. ఉప్పు లోపలికి చేరితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కాంక్రీటు పగులుతుంది. ఆ ఉప్పు సముద్రపు గాలిలోంచి రావచ్చు, కలిపిన నీళ్లలోంచి రావచ్చు, కడగని తీరపు ఇసుకలోంచీ రావచ్చు. అమ్మకానికి ఫ్లాటు చూపిస్తే వంటగది గ్రానైటు సంగతి తర్వాత అడగండి. చువ్వకూ సెంట్రింగు పలకకూ మధ్య కవరు ఎంత వదిలారు, నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారు, ఇసుక ఎవరిచ్చారు అన్నవి మొదటి మూడు ప్రశ్నలు.

ఇసుక మాటకొస్తే, చుట్టూ సముద్రం ఉన్న ఈ దీవిలో కట్టుబడికి పనికొచ్చే ఇసుక కరువే. లోపలి గుంటల్లో తవ్వినది తవ్వినట్టే పోతుంది, మళ్లీ పూడదు. అందుకే ప్రభుత్వం తవ్వకాలను తన అదుపులో పెట్టుకుంది. చింతచెట్టు కింద ఇటుకలు పోసే మనిషిని చూడండి. ఇసుకా సిమెంటూ పొడిగా కలిపి, నీళ్లు చిలకరించి, పిడికిట్లో నొక్కి చూస్తాడు. ముద్ద నిలిచింది, చెయ్యి తడవలేదు. ఇనుప అచ్చులో పోసి, దిమ్మిసతో కుదించి, ఒక్క తిప్పుతో బోర్లించి, అచ్చు పైకి లాగేస్తాడు. అంచు విరగలేదు. పక్కన ఆరుతున్న వరసలో ఒక దాన్ని గోటితో గీస్తే పొడి రాలుతుంది. సిమెంటు తగ్గించి పోసిన ఇటుక. ఇంటివాడి డబ్బు ఎంత ఉంటే ఇటుక గట్టితనం అంత. పైన మొదటి అంతస్తు లేస్తే ఈ ఇటుకే మోయాలి.

గోడ నీడన కూర్చోండి. ఇక్కడి నుంచి దీవి కొస ఎంతో దూరం లేదు. ప్రధాన భూభాగంలోని రాస్ కిరోమోని నుంచి సముద్రం అడుగున వచ్చే కరెంటు కేబులు ఒడ్డెక్కేది రాస్ ఫుంబాలోనే. 1980లో వేసిన మొదటి కేబులు వ్యవస్థ 2008లో చెడితే దాదాపు నెల రోజులు దీవి చీకట్లో ఉంది. మళ్లీ 2009 డిసెంబరు నుంచి 2010 మార్చి వరకు మూడు నెలలు అదే గతి. పంపులు ఆగాయి, హోటళ్లు జనరేటర్ల మీద బతికాయి, ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ బావులకు చేదలు కట్టారు. 100 మెగావాట్ల కొత్త కేబులు 2013లో వచ్చింది. ఈ ఫ్లాట్లూ, లిఫ్టులూ, ఏసీలూ అన్నీ అది వచ్చాక ఊపందుకున్నవే. ఒక దేశంలో ఇళ్ల ధర పెరుగుతోందంటే దాని వెనక ఇలాంటి తీగో, గొట్టమో, రోడ్డో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకున్నవాడికి ధర ఎందుకు పెరిగిందో తెలుస్తుంది, ఎక్కడ ఆగుతుందో కూడా తెలుస్తుంది.

మధ్యాహ్నం అమ్మకాల కార్యాలయంలో చల్లటి గది. బల్ల మీద చిన్న చిన్న ఇళ్ల నమూనా. మనవాళ్లు ఎక్కడికెళ్లినా అడిగే మొదటి ప్రశ్న మీ నోటా వస్తుంది: గజం ఎంత? ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, నేల అమ్మరండీ అంటుంది.

అమ్మరు. 1964 జనవరి 12న జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. ఆ తర్వాత నేలంతా ప్రభుత్వపరమైంది. అరబ్బుల తోటలు పోయాయి, గుజరాతీ వర్తకుల మేడలు పోయాయి. భూమి లేని కుటుంబాలకు మూడేసి ఎకరాలు పంచారు, అమ్ముకునే హక్కు లేకుండా. మన అసైన్డ్ భూముల చట్టం, 1977 నాటిది, తెలిసినవాళ్లు ఇక్కడ వెంటనే చెవులు రిక్కించాలి. 1992 భూమి చట్టం కూడా నేల అంతటినీ జాంజిబార్ అధ్యక్షుడి పేరనే, ప్రజల తరఫున, ఉంచింది. స్థానికుడికి వాడుకునే హక్కు. బయటివాడికి లీజు: 33 ఏళ్లు, పొడిగింపులతో 99 దాకా. 2010 నాటి కండోమినియం చట్టం వచ్చాక విదేశీయులకు ఫ్లాటు కొనే దారి ఏర్పడింది. పెట్టుబడుల ప్రోత్సాహక సంస్థ జిపా ఆమోదించిన ప్రాజెక్టులో లక్ష డాలర్లకు తగ్గకుండా పెడితే నివాస అనుమతి కూడా ఇస్తున్నారు.

కాబట్టి ఇక్కడ మీ చేతికొచ్చేది కాలం. గజాల లెక్క పక్కన పెట్టి ఏళ్ల లెక్క అడగండి. 33 ఏళ్ల గడియారం మీరు సంతకం పెట్టిన రోజు నుంచి తిరుగుతుందా, బిల్డరు లీజు తీసుకున్న రోజు నుంచా? పొడిగింపు ఎవరు అడగాలి, మీరా, బిల్డరా? పదేళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాడికి మిగిలేదెంత? ఆ అమ్మాయి కాగితాల కట్ట తెచ్చి ఓపిగ్గా చూపిస్తుంది. ఒక ప్రశ్నకు మాత్రం రేపు లాయరును అడిగి చెబుతానంటుంది. మంచిదే. అక్కడికక్కడ అన్నిటికీ అవునని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

అసలు చిక్కులు ఇలాంటి గదుల బయటే ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఒకాయన మిమ్మల్ని పక్కకు పిలిచి, తీరం వెంబడి తన తాతల తోట ఉందని, చవగ్గా ఇస్తానని అంటాడు. అబద్ధం చెప్పకపోవచ్చు. ఇక్కడ చెట్లు ఒకరివి, నేల ఇంకొకరి అధీనంలో ఉండటం మామూలు. కొబ్బరి చెట్లు నిజంగా ఆయనవే అయ్యుంటాయి. ఆయన చూపించే కాగితం మీద ఊరి పెద్ద, అంటే షేహా, సంతకం ఉన్నా సరిపోదు. భూ బదలాయింపు బోర్డు ఒప్పుకోవాలి. లింకు డాక్యుమెంట్లూ ఈసీలూ తిరగేసి, నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకునే మన పాత అలవాటు ఇక్కడ రెట్టింపు పనికొస్తుంది.

దీవికి అటువైపు, తూర్పున పాజే. ఆటు సమయం. సముద్రం దాదాపు పగడపు దిబ్బల దాకా వెనక్కి పోయి, మోకాలి లోతు నీళ్లలో ఆడవాళ్లు కర్రలకు తాళ్లు కట్టి సముద్రపు నాచు పెంచుతున్నారు. 1980ల చివర్లో మొదలైన సాగు ఇది. ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల చేతికి సొంత డబ్బు వచ్చింది దీనివల్లే. ఇప్పుడు నీళ్లు వేడెక్కి నాచు చస్తోంది, ఒడ్డున హోటళ్లు పెరిగి నాచు ఆరబెట్టుకునే చోటు తగ్గుతోంది. ఒక బ్రిటిష్ సంస్థ 2012లో లెక్క తీసింది: ఇక్కడ ఒక కుటుంబం రోజుకు వాడే నీళ్లు 93 లీటర్లు, అయిదు నక్షత్రాల హోటల్లో ఒక్క గదికి 3,195 లీటర్లు. పొద్దున మీరు రుచి చూసిన పలచటి నీటి పొరను తలచుకుని ఆ రెండు అంకెలూ చదవండి. వాన నీరు పట్టుకునే ట్యాంకు, మురుగు శుద్ధి చేసే ఏర్పాటు లేని రిసార్టులో వాటా కొనమని నేనెవరికీ చెప్పను. రాబడి ఎంత చూపించినా చెప్పను.

చీకటి పడకముందే స్టోన్ టౌన్ చేరుకుంటారు. ఇరుకు సందులు, ఇత్తడి బొడిపెల తలుపులు. సముద్రానికి ఎదురుగా ఇనుప రేకుల కంచె, దాని వెనక బైత్ అల్ అజాయిబ్. సుల్తాన్ బర్గాష్ 1883లో కట్టించిన ఈ అద్భుత భవనంలో కొంత భాగం 2020 డిసెంబరు 25న మరమ్మతులు జరుగుతుండగా కూలింది. ఇద్దరు చనిపోయారు. 2000లో యునెస్కో జాబితాకెక్కిన పట్టణంలో, అందరి కళ్ల ముందు.

రెండు సందులు లోపలికి వెళ్తే ఒక మేడ ముందు ఫుండి, మన భాషలో తాపీ మేస్త్రి, గోడకు కొట్టిన సిమెంటు పూతను ఉలితో తీస్తున్నాడు. పలక ఊడిపడుతుంది. దాని వెనక సున్నం తడి పిండిలా చేతికొస్తుంది. ఈ ఇళ్లన్నీ పగడపు రాయి, సున్నం. పైకప్పుకు మడ అడవి దుంగలు. దుంగ పొడవు ఎంతో గది వెడల్పు అంతే, మూడు మీటర్లకు అటూ ఇటూ. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పామితే తడికి బయటికి దారి ఉండదు. దుంగ కొస లోపల్లోపలే కుళ్లిపోతుంది, ఒక మసికా (పెద్ద వానల కాలం) వానకు కప్పు దిగుతుంది. బాగు చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే ఇక్కడ ఎన్నో ఇళ్లను పాడు చేశారు.

ఫుండి దగ్గర పనికి కొదవ లేదు. మనుషులే లేరు. కుర్రాళ్లు ఫుంబా పోయి సిమెంటు ఇటుక పేరుస్తారు, వారం తిరిగేసరికి కూలి చేతికొస్తుంది. సున్నం నానబెట్టి నెలలు ఆగే ఓపిక ఎవరికుంది? ఈ దేశంలో అవకాశం ఎక్కడుందని నన్నడిగితే ఈ సందులోనే చూపిస్తాను. ఇక్కడి పాత డిస్పెన్సరీని 1990ల్లో నిలబెట్టిన ఆగాఖాన్ ట్రస్టే హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులనూ సున్నంతో బాగు చేయించింది. ఆ పని చేసిన చేతులు మన దగ్గరున్నాయి. నేల లీజుకు తీసుకుని 33 ఏళ్లు కాపలా కాసే డబ్బుతో అలాంటి మేస్త్రీలను నలుగురిని తీసుకొచ్చి, ఇక్కడి కుర్రాళ్లను పక్కన నిలబెట్టి నేర్పిస్తే, పని అడుగుతూ ఇంటి యజమానులే వస్తారు.

మా తాతగారిల్లూ గానుగ సున్నమేనండీ, అంటున్నాడు మీ వెంట వచ్చిన అమలాపురం ఇంజనీరు. అదే మాట స్వాహిలీలో ఫుండికి చెప్పాడు. ఫుండి ఉలి కింద పెట్టి, మీవాళ్లు సున్నంలో ఏం కలుపుతారని అడిగాడు. బెల్లం నీళ్లు, కరక్కాయ. కరక్కాయను స్వాహిలీలో ఏమంటారో ఇంజనీరుకు రాదు. ఫోనులో బొమ్మ వెతికి చూపించాడు. ఫుండి కళ్లద్దాలు పెట్టుకుని చూసి, రుచి ఎలా ఉంటుందన్నాడు. వగరు. అయితే అలాంటి వగరు ఇక్కడి మడ చెట్టు బెరడులో ఉంది, రేపు ఒక బకెట్టు కలిపి ఈ గోడ మూలకే పూసి చూద్దాం, పొద్దున ఏడింటికల్లా రమ్మంటున్నాడు.